మా బొందలగడ్డలో ఆ వెనక మూలనైనా సిమెంటు చేయకండి: మున్సిపల్ పాలకవర్గానికి బహిరంగ లేఖ

మున్సిపల్ కమిషనర్ గారికి, ఛైర్‌పర్సన్ గారికి, వార్డు కౌన్సిలర్లందరికీ నమస్కారం.

మన ఊరి పేరు ఇక్కడ కావాలనే రాయట్లేదు. పాలమూరు వైపు ఒక చిన్న మున్సిపాలిటీ అంటే చాలు. ఎవరి పరువూ తీయాలని లేదు. మీరు చదివితే ఎవరి గురించో మీకు తెలుస్తుంది, వేరే ఊళ్ల వాళ్లు చదివితే వాళ్ల ఊరే గుర్తొస్తుంది.

వాగు పక్కనున్న పాత బొందలగడ్డ, అంటే ఊరి శ్మశానం గురించి ఈ లేఖ. ప్రజావాణిలో అర్జీ ఇచ్చాం, రసీదు ఉంది. ఆఫీసులో ఇచ్చాం, పైకి పంపించామన్నారు. వార్డు మీటింగ్‌లో అడిగితే చూద్దామన్నారు. చూద్దాం చూద్దాం అంటుండగానే జేసీబీ వచ్చి ముందువైపు చెట్లు, పొదలు మొత్తం పీకేసి పోయింది. ఇక మిగిలింది వెనక మూల ఎకరంన్నర. అక్కడికీ ముగ్గు పోసి వెళ్లారని తెలిసింది కాబట్టి ఇక అర్జీలు మానేసి అందరూ చదివేలా రాస్తున్నాం.

మీరు చేసిన మంచి కూడా చెప్పాలి. 2019లో పల్లె ప్రగతి మొదలయ్యాక తెలంగాణలో ఊరూరా వైకుంఠధామాలు కట్టారు, పట్టణాల్లోనూ అదే వరసలో పనులు జరిగాయి. అంతకుముందు వానాకాలంలో శవాన్ని తీసుకెళ్తే చితి మీద రేకులు పట్టుకుని నిలబడాల్సి వచ్చేది, స్నానానికి ఎవరి పొలం బోరు దగ్గరికో పోయి బతిమాలుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు షెడ్డుంది, నల్లాలున్నాయి, ఆడవాళ్లు బట్టలు మార్చుకోవడానికి గది ఉంది. థాంక్స్. గేటు దగ్గర శివుడి విగ్రహం పెట్టించారు, అదీ బాగానే ఉంది. కాకపోతే ఆ శివుడు బూడిద పూసుకుని మట్టిలో తిరిగేవాడు, మీరు ఆయన చుట్టూ పేవర్ బ్లాకులు పరిపించారు, మధ్యాహ్నం చెప్పుల్లేకుండా ఆయన దగ్గరికి పోవడం కూడా కష్టమే.

మేం అడిగేది చిన్న విషయం. ఆ ఎకరంన్నరను చదును చేయకండి. ఉన్న చెట్లను ఉన్నట్టే ఉంచి, ఇష్టమున్న కుటుంబాలు తమ వాళ్ల అస్థికలను, చితాభస్మాన్ని అక్కడి మట్టిలో కలుపుకోనివ్వండి. సమాధి కట్టం, రాయి పాతం, పేరు చెక్కం. పైన చెట్లు, గడ్డి, పిట్టలు, పురుగూ పుట్రా ఎట్లా ఉన్నాయో అట్లాగే ఉంటాయి. మాలో మేం దాన్ని అస్థివనం అనుకుంటున్నాం. మీరు వేరే పేరు పెట్టుకోండి, గేటు దగ్గర ఎవరి ఫ్లెక్సీ అయినా కట్టుకోండి, మాకు అభ్యంతరం లేదు.

'అస్థికలు నదిలో కలుపుతారు కదా, మళ్లీ ఇదెందుకు' అని ఆఫీసులో ఒక సారు అన్నారు. మూడో రోజు కాటికి పోయి పని చూసినవాళ్లెవరూ ఆ మాట అనరు. చితి చల్లారాక నీళ్లు, పాలు చల్లి, కాళ్ల వైపు నుంచి తల దాకా కొన్ని ఎముక ముక్కలు ఏరి ముంతలో వేసి గుడ్డ కడతారు. నదికి పోయేది ఆ ముంత ఒక్కటే. ఒక చితికి నాలుగైదు క్వింటాళ్ల కట్టె పడుతుంది. ఆ కట్టె బూడిద, మనిషి బూడిద కలిసిపోయి దిమ్మె మీదే మిగులుతాయి. ఇంకో శవం వచ్చేలోపు దిమ్మె ఖాళీ చేయాలి కాబట్టి అక్కడ పనిచేసే ఆయన పారతో గీకి, తట్టకెత్తి, షెడ్డు వెనక పోస్తాడు. ఆయన మాత్రం ఏం చేస్తాడు, పోయడానికి మీరు చోటు చూపించలేదు. వాన పడితే అదంతా వాగులోకి, వాగు నుంచి చెరువులోకి.

మీరు వచ్చినప్పుడు ముందువైపు టైల్స్ చూసి వెళ్లిపోయారు సార్. ఒకసారి షెడ్డు వెనక్కి రండి. బూడిద గుట్ట పైన తెల్లగా పెచ్చు కట్టి ఉంటుంది, కింద నల్లగా, తడిగా. అందులోనే పాల ప్యాకెట్లు, అగరబత్తి కవర్లు, దండల దారాలు, సగం కాలిన చీర అంచు. కాలికి తగిలి కదిలితే ఎముక ముక్క బయటికొస్తుంది. ఎవరి తల్లిదో, ఎవరి తండ్రిదో. పందులు తవ్విన గుర్తులు కూడా కనిపిస్తాయి, ఇంతకన్నా రాయడం బాగుండదు.

దీనివల్ల మామూలు జనం ఏం పడుతున్నారో వరసగా చెబుతాం.

1. అప్పు. మన వైపు అందరూ బీచుపల్లికే పోతారు, కృష్ణలో కలపడానికి. బండి కిరాయి, వెంట వచ్చేవాళ్ల తిండి, పంతులు గారి దక్షిణ, ఘాట్ దగ్గర వాడికీ వీడికీ. ఉద్యోగం ఉన్న ఇంటికి ఇదో లెక్క కాదు. కూలికి పోయే ఇంట్లో అప్పటికే ఆసుపత్రి బిల్లు, కట్టెలు, దినాల వంటలు అయ్యుంటాయి. ఆ మీద ఇది. పోలేక ముంతను చెట్టుకు కట్టి 'పైసలు సర్దుబాటయ్యాక పోదాం' అనుకుని నెలలు గడిపిన ఇళ్లు మన వార్డుల్లోనే ఉన్నాయి. 2021 మే నెలలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు గుర్తు తెచ్చుకోండి, ముంతలు ఎక్కడ పెట్టాలో తెలియక ఎంతమంది టెన్షన్ పడ్డారో. ఊళ్లోనే ఒక గౌరవమైన చోటు ఉండుంటే ఆ బాధ ఉండేది కాదు.

2. పిట్ట ముట్టట్లేదు. ఇది విని నవ్వేవాళ్లు నవ్వొచ్చు, కానీ మాకు అన్నిటికన్నా పెద్ద బాధ ఇదే. మూడో రోజు, మళ్లీ దినాలకు, పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, బువ్వ, కూర, బజ్జీలు, కొందరైతే మటన్, కల్లు కూడా, విస్తట్లో పెట్టి పక్కకు జరిగి నిలబడతాం. కాకి వచ్చి ముట్టేదాకా ఇంటిల్లిపాదీ పచ్చి మంచినీళ్లు తాగరు. ఇదివరకు ఇంత సేపు పట్టేది కాదు, విస్తరి పెట్టి వెనక్కి తిరిగేలోపే కానుగ మీద నుంచి దిగేవి. ముందువైపు చెట్లు కొట్టేశాక, పెట్టేది పేవర్ బ్లాకుల మీద, చుట్టూ వాలడానికి ఒక్క కొమ్మ లేదు, నేల కాలిపోతూ ఉంటుంది. ఈ మధ్యే ఒక కుటుంబం పొద్దున పెట్టి మిట్టమధ్యాహ్నం దాకా ఎండలో నిలబడింది. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు, ఇంటి పెద్దామె 'ఏం కోరిక మిగిలిందో నా కొడుకుకి, వస్తలేడు' అని గుండెలు బాదుకుంటోంది. కోరికేం మిగల్లేదు తల్లీ, కాకికి కొమ్మ మిగల్లేదు అని ఆమెకు ఎవరు చెప్పాలి? చివరికి ఆవుకు పెట్టి ఇంటికి పోయారు. ఆమె ఇప్పటికీ కొడుకు అలిగే పోయాడనే అనుకుంటోంది. కాకి గూడు లేకపోతే కోకిల గుడ్డు పెట్టడానికీ చోటుండదు, అది వేరే సంగతి.

3. పక్క పొలాలు. వెనక మూలలో పెద్ద వేప ఉంది, దాని తొర్రలో పైడికంటెల (చిన్న గూబల) జంట ఉంటుంది. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి తొర్ర అంచు మీదకొచ్చి, తల పైకీ కిందకీ ఊపుతూ, పసుపుపచ్చటి గుండ్రటి కళ్లతో వచ్చినవాళ్లను నిలేసి చూస్తాయి. అపశకునం అంటారు కొందరు. ఆ గూబలు రాత్రంతా తినేది పురుగుల్ని, ఎలుకల్ని. వాగు అవతల వరి, వేరుశనగ వేసే రైతుల్ని అడగండి, గట్లకు ఎలుక బొరియలు ఎక్కువైతే ఏమవుతుందో చెబుతారు. ఆ మూలలోనే ముంగిసలున్నాయి, ఉడుములున్నాయి, పాలపిట్టలు కరెంటు తీగ మీద నుంచి గడ్డిలోకి దూకుతుంటాయి. పాలపిట్ట మన రాష్ట్ర పక్షి, దసరా నాడు దాన్ని చూడటానికి ఊరంతా పొలాల్లోకి పోతాం, మిగతా రోజుల్లో అది ఎక్కడ బతకాలో మనకు పట్టదు. జిల్లేడు పొదల్ని 'పిచ్చి మొక్కలు' అని టెండర్‌లో రాశారట. మచ్చల నారింజ రెక్కల సీతాకోకచిలుక ఒకటి ఉంటుంది, దాని గొంగళి పురుగులు ఆ జిల్లేడు ఆకు తినే పెరుగుతాయి.

4. చెరువు. చెరువు పాడవడానికి ముఖ్య కారణం ఊరి మురుగే, అన్నీ బూడిద మీద తోయడం న్యాయం కాదు. కానీ కట్టె బూడిదలోని ఉప్పులు, పొటాష్ నీళ్లలో తొందరగా కరుగుతాయి, దాంతోపాటు పోయే ప్లాస్టిక్ అసలు కరగదు. వలలో చేపకు బదులు దండల దారాలు చిక్కుతున్నాయని చేపలు పట్టేవాళ్లు చెబుతున్నారు.

5. ఆడవాళ్లు. మన దగ్గర చాలా ఇళ్లలో ఆడవాళ్లు కాటి దాకా రారు. భర్తనో, బిడ్డనో నదిలో కలిపేశాక వాళ్లకు పోయి కూర్చోవడానికి ఒక చోటంటూ ఉండదు. చెట్ల మధ్య ఇట్లాంటి స్థలం ఉంటే, పండగ నాడో, తిథి నాడో వచ్చి పావుగంట కూర్చుని పోతారు. ఈ మాట మాకు చెప్పింది ఆడవాళ్లే.

ఇక నది సంగతి. 2027లో గోదావరి పుష్కరాలు, 2028లో కృష్ణా పుష్కరాలు వస్తున్నాయి. నదిలో కలపాలనుకునేవాళ్లను ఆపమని మేం చెప్పట్లేదు. అది వాళ్ల నమ్మకం, వాళ్ల తృప్తి. కలపలేనివాళ్లకు, కలపడం ఇష్టం లేనివాళ్లకు ఊళ్లోనే ఒక దారి ఉండాలంటున్నాం.

'శాస్త్రం ఒప్పుకోదు' అని ఒక కౌన్సిలర్ గారు గట్టిగానే అన్నారు. ఏ శాస్త్రమో చెబితే బాగుండేది. ఆశ్వలాయన గృహ్యసూత్రంలో ఎముకలు ఏరి కుండలో పెట్టి, వాన నీళ్లు తప్ప పక్కల నుంచి నీళ్లు పారి రాని చోట గుంట తీసి పూడ్చమనే ఉంది. ఆ గుంట దగ్గర చదివే ఋగ్వేద మంత్రం, తల్లి అయిన భూమి దగ్గరికి చేరుకోమని పోయినవాళ్లతో చెబుతుంది. భట్టిప్రోలు స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రీ తవ్విస్తే ధాతువులు (అస్థి అవశేషాలు) పెట్టిన కరండాలు (చిన్న పెట్టెలు) బయటపడ్డాయి, రెండు వేల ఏళ్లకు పైగా మట్టిలోనే ఉన్నాయవి. సన్యాసుల్ని, పసిపిల్లల్ని మట్టిలోనే పెడతాం. జంగాలు, లింగాయతులు, దళితుల్లో ఎన్నో కుటుంబాలు తరతరాలుగా పూడ్చే పెడుతున్నారు, బొందలగడ్డ అనే పేరు ఊరికే వచ్చిందా? కేరళలో చాలా ఇళ్లు పెరటి దక్షిణం వైపే దహనం చేసి అక్కడ కొబ్బరి మొక్క పెట్టుకుంటాయి. జమ్మిచెట్టు కథ మీకు మేం చెప్పాలా? పాండవులు ఆయుధాల్ని శవంలా మూటకట్టి శ్మశానం పక్కనున్న జమ్మి మీద దాచారు. అంటే శ్మశానంలో చెట్టుండటం, ఆ చెట్టు జోలికి ఎవరూ పోకపోవడం అప్పటికే మామూలు అన్నమాట. ఇప్పుడు అదే జమ్మి మన రాష్ట్ర వృక్షం, మీ జేసీబీ పీకిన వాటిలో రెండు జమ్మిచెట్లున్నాయి.

బయటి దేశాల్లో ఇది కొత్తేం కాదు. ఇంగ్లండ్‌లోని కార్లైల్‌లో 1993లో మున్సిపాలిటీ శ్మశానంలోనే ఇట్లాంటి వనం మొదలైంది, దాన్ని తెచ్చింది కెన్ వెస్ట్ అని ఆ శ్మశానాల మేనేజర్, అంటే మీలాంటి ప్రభుత్వ ఉద్యోగే. జపాన్‌లో ఇవాతె రాష్ట్రంలోని ఒక బౌద్ధ ఆలయం 1999లో అస్థికలను అడవి నేలలో పూడ్చి, రాయికి బదులు ఆ ప్రాంతపు మొక్కే నాటడం మొదలుపెట్టింది, చుట్టుపక్కల పాడుబడిన అడవిని బాగు చేయడం కూడా వాళ్ల ఉద్దేశం. జర్మనీలో కాసెల్ దగ్గరి అడవిలో 2001 నుంచి చెట్ల వేళ్ల దగ్గర పెడుతున్నారు, మట్టిలో కలిసిపోయే కలశాల్లో. వాళ్లు చేశారు కాబట్టి మనం చేయాలని అనట్లేదు. 'ఎక్కడైనా ఉందా ఇట్లాంటిది' అని ఆఫీసులో అడిగారు కాబట్టి చెబుతున్నాం.

ఎట్లా చేయాలో కూడా ఆలోచించాం, ఊరికే చెట్టు మొదట్లో బూడిద గుమ్మరించి దండం పెట్టి రావడం కాదు. చితాభస్మం ఎరువు కాదు. ఎముక బూడిదలో ఎక్కువ భాగం కాల్షియం ఫాస్ఫేట్, దానికి తోడు ఉప్పు, క్షారం. ఒకేచోట కుప్ప పోస్తే లేత మొక్క మాడిపోతుంది. కరెంటు, గ్యాస్ దహనవాటికల్లో ఒక మనిషికి రెండు మూడు కిలోల బూడిద వస్తుంది, మన కట్టె చితికైతే చాలా ఎక్కువ. అందుకే అడుగున్నర లోతు గుంత, వెడల్పుగా, చెట్టు మొదలుకు దూరంగా, బూడిదకు ఎన్నో రెట్లు మట్టి, ఆకుల ఎరువు కలిపి పూడ్చాలి. ఒకసారి వాడిన చోటును కొన్నేళ్లు కదపకూడదు. వాగు ఒడ్డు నుంచి, బోరు నుంచి దూరం పాటించాలి. ముంతతో సహా పూడ్చడం వద్దు. మట్టికుండే కదా మట్టిలో కలిసిపోతుందిలే అనుకుంటాం గానీ, కాల్చిన కుండ కలవదు, పురావస్తు శాఖ వాళ్లు వేల ఏళ్ల నాటి కుండ పెంకులు ఇప్పటికీ తవ్వి తీస్తున్నారు. మోదుగాకు దొన్నెలోనో, పాత నూలు గుడ్డలోనో పెడితే ఒక వానాకాలానికి కలిసిపోతుంది.

మీరు చెప్పే అడ్డంకులు కొన్ని నిజమే. అన్నిటికన్నా పెద్దది కబ్జా. ఖాళీగా కనిపిస్తే చాలు రాత్రికి రాత్రే కడీలు పాతేస్తారు, మన ఊళ్లో చెరువు శిఖం భూమి ఎట్లా పోయిందో అందరికీ తెలుసు. అందుకే ప్రహరీ గోడ కావాలన్న మీ మాటతో మాకు పేచీ లేదు. కట్టండి, కానీ నేల మట్టానికి అక్కడక్కడా జానెడు, జానెడున్నర కంతలు వదలండి, ముంగిస, ఉడుము, కుందేలు రాకపోకలకు. వాగు వైపు గోడ అక్కర్లేదు, గచ్చపొద, వాక్కాయ కంచె పెంచితే మనిషి దూరడు, పిట్ట గూడు కట్టుకుంటుంది, ఖర్చు కూడా తక్కువ.

పాములుంటాయన్నారు. ఉంటాయి. ఇప్పుడూ ఉన్నాయి, ఎప్పుడూ ఉన్నాయి. నడిచే దారి ఒకటి శుభ్రంగా గడ్డి కోసి ఉంచితే సరిపోతుంది. పొదలు కొట్టేసినంత మాత్రాన పాములు చచ్చిపోవు, పక్కనున్న మా కాలనీల్లోకి వస్తాయి, జేసీబీ వచ్చి పోయిన వారంలో మా సందులో రెండిళ్ల బాత్రూముల్లో కనిపించాయి. పేకాట, తాగుడు అన్నారు. వాళ్లు కూర్చునేది పొదల్లో కాదు సార్, మీరు కట్టించిన షెడ్డు కింద, నున్నటి దిమ్మె మీద. రాత్రి పూట గేటుకు తాళం వేయండి.

మా డిమాండ్లు ఇవి.

1. వెనక మూల ఎకరంన్నరలో చదును, సిమెంటు పనులు ఆపాలి. నోటి మాట చాలదు, కాంట్రాక్టర్‌కు రాతపూర్వకంగా ఆదేశం ఇచ్చి దాని కాపీ గేటుకు అంటించాలి. మన రాష్ట్రంలో వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం 2002 నుంచి ఉంది, ఆ చట్టం ప్రకారం చెట్టు కొట్టడానికి అనుమతి కావాలి. ముందువైపు చెట్లకు అనుమతి తీసుకున్నారా? తీసుకుంటే ఆ కాగితం చూపించండి.

2. సర్వే చేయించి హద్దురాళ్లు పాతించాలి. మొత్తం బొందలగడ్డ విస్తీర్ణం ఎంతో బోర్డు మీద రాయాలి.

3. అస్థివనం కోసం కౌన్సిల్ తీర్మానం చేయాలి. రాజ్యాంగం పన్నెండో షెడ్యూల్‌లో మున్సిపాలిటీల పనుల జాబితాలో శ్మశానాలు స్పష్టంగా ఉన్నాయి, కాబట్టి ఇది మా పరిధిలో లేదనే జవాబు మాకొద్దు. ఆ తీర్మానంలో ఈ నాలుగు మాటలు తప్పకుండా ఉండాలి: ఏ కులం వాళ్లకైనా, ఏ వార్డు వాళ్లకైనా ఒకటే చోటు, ఒకటే పద్ధతి, ఫీజు లేదు, రాయి, గద్దె, ఫొటో, ప్లాస్టిక్ లేదు, బలవంతం లేదు. మొదటి మాట మీద ఎవరికైనా ఇబ్బంది ఉంటే మీటింగ్‌లో లేచి నిలబడి చెప్పమనండి, వింటాం. బతికున్నప్పుడు వేరుగా కూర్చోబెట్టింది చాలదన్నట్టు మన ఊళ్లో కాటికి కూడా మూడు దారులున్నాయి.

4. దిమ్మె మీద మిగిలే బూడిదకు కూడా అక్కడే ఒక పక్కగా గుంతలు తీయించాలి. ప్లాస్టిక్, దారాలు ఏరడానికి జల్లెడ, చెత్తడబ్బా పెట్టాలి. షెడ్డు వెనకున్న పాత గుట్టను వానలకు ముందే తీసి పద్ధతిగా పూడ్చాలి, ట్రాక్టర్‌లో వేసి డంపింగ్ యార్డుకు తోలకండి, అందులో మా వాళ్లున్నారు.

5. కాటి దగ్గర పనిచేసే ఆయనకు నెలనెలా జీతం, గ్లౌజులు, బూట్లు, మూతికి గుడ్డ కాకుండా సరైన మాస్క్. శవానికి ఇంత అని జనం ఇచ్చేదాని మీదే ఆయన ఇల్లు గడుస్తోంది. ఏ చెట్టు ఎక్కడుందో, ఏ తొర్రలో ఏముందో, ఎవర్ని ఎక్కడ పెట్టారో ఈ ఊళ్లో ఆయనకన్నా తెలిసినవాళ్లు లేరు. అస్థివనం బాధ్యత ఆయనకే ఇవ్వాలి, ప్లాన్ గీసేముందు ఆయన్ని అడగాలి.

6. రాళ్లుండవు కాబట్టి ఒక రిజిస్టర్, గళ్లు గీసిన పటం. పేరు, తేదీ, గడి నంబరు. ఇంతే. దుబాయ్‌లోనో, అమెరికాలోనో ఉన్న కొడుకు అయిదేళ్ల తర్వాత వచ్చి 'మా నాన్నను ఎక్కడ పెట్టారు' అని అడిగితే చూపించగలగాలి.

7. కోనోకార్పస్ వద్దు. గుజరాత్ 2023లో దాన్ని నాటడమే నిషేధించింది, మన దగ్గరా దాని మీద ఎన్ని ఫిర్యాదులొచ్చాయో మీకు తెలుసు. పిట్ట తినే పండు ఇవ్వని చెట్టు పచ్చగా ఉంటే మాత్రం మాకేం లాభం? మేడి, రావి, నేరేడు, రేల, కానుగ, జమ్మి, మోదుగ, కింద తంగేడు, పరికి, బలుసు. నర్సరీలో లేవంటారేమో, విత్తనాలు మేం తెస్తాం. లాన్ వద్దు, దానికి పోసే నీళ్లు మా కాలనీ నల్లాకు వదలండి.

8. ఆ వైపు హైమాస్ట్ లైట్ పెట్టకండి. గేటు దగ్గర, షెడ్డు దగ్గర వెలుగు చాలు. రాత్రి తిరిగే గూబలకు, గబ్బిలాలకు చీకటి కావాలి.

9. జీవవైవిధ్య చట్టం 2002 ప్రకారం మున్సిపాలిటీకి ఒక జీవవైవిధ్య కమిటీ ఉండాలి. మనకుందా? ఉంటే అందులో ఎవరున్నారు? ఈ మూలలో ఉన్న చెట్లు, పక్షుల జాబితాను కమిటీ రిజిస్టర్‌లో ఎక్కించాలి. సంగారెడ్డి జిల్లా అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు, కాబట్టి మన రాష్ట్రంలో ఇది జరగని పని కాదు. మాది అంత పెద్ద కోరిక కూడా కాదు.

డబ్బు సంగతి అడుగుతారు కాబట్టి చెబుతున్నాం. టైల్స్, పేవర్ బ్లాకులు, లాన్, స్ప్రింక్లర్లు అని మీరు ఆ మూలకు అంచనా వేసిన మొత్తంలో గోడకు, కంచెకు, కాటి దగ్గర పనిచేసే ఆయన జీతానికి పోను మిగిలేదే ఎక్కువ. గుంతలు తీయడానికి, మొక్కలు నాటడానికి మా కాలనీల కుర్రాళ్లు, మహిళా సంఘాల వాళ్లు వస్తామన్నారు, పారలూ గడ్డపారలూ మావే.

మృగశిర కార్తెలోపు జవాబు కావాలి. ఆ తర్వాతయితే ఈ ఏడు మొక్క పెట్టే అదును పోతుంది, బూడిద గుట్ట ఇంకో వానాకాలం చెరువుపాలవుతుంది. ఈ లేఖను వచ్చే కౌన్సిల్ సమావేశం ఎజెండాలో పెట్టండి, ఆ రోజు మేం వస్తాం, లోపలికి పిలిస్తే కూర్చుని మాట్లాడతాం, పిలవకపోతే బయట ఉంటాం. ఈలోపు జేసీబీ వెనక మూలకొస్తే మాత్రం మేం ఆ వేపచెట్టు కింద కూర్చుంటాం, ముందే చెబుతున్నాం.

ఇట్లు,
వాగుకట్ట వైపు కాలనీల నివాసులం